కంటికి పెట్టిన బొట్టు

మా బడిలో ఆ గదికి ల్యాబ్ అని పేరైతే వచ్చింది కానీ, మొదటి ఏడాదంతా అది తాళం వేసిన గదే. అట్టపెట్టెలు లారీలో వచ్చాయి. మోటార్లు, వైర్లు, సర్క్యూట్ బోర్డులు, సెన్సార్లు ఉన్నాయని పైన అంటించిన కాగితంలో రాసి ఉంది. ప్రభుత్వ బడి పిల్లలు కూడా కొత్త పరికరాలు కనిపెట్టాలని పైనుంచి ఉత్తర్వు. ఏదైనా పాడైతే జవాబు చెప్పాల్సి వస్తుందని మా హెడ్మాస్టరు తాళంచెవిని జేబులోంచి తీయలేదు. చివరికి ఒకరోజు భౌతికశాస్త్రం చెప్పే నన్ను పిలిచి, "తనిఖీకి వస్తా ఉండారంట. పెట్టెలు ఇప్పి ఏదో ఒకటి సెయ్యప్పా" అన్నారు. అలా ఆ గది నా చేతికి వచ్చింది.

పెట్టెలు విప్పే ముందు వాటికి పసుపూ కుంకుమా పెట్టాను, కర్పూరం వెలిగించాను. నేను ఏ పనీ వేరే విధంగా మొదలుపెట్టి ఎరగను. మా నాయన బతికినన్నాళ్ళూ మా వీధి భజన మందిరంలో గోష్ఠి నడిపాడు. నాకు అక్షరాలు రాకముందే శ్లోకాలు వచ్చాయి. ఆయన పోయాక వ్యాసపీఠం ముందు నేను కూర్చున్నాను. శనివారం సాయంత్రం పురాణం చదివి అర్థం చెప్పడం నా వంతు. వినడానికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది నగరి మరమగ్గాల వాళ్ళే. వారమంతా మగ్గాల మోతలో చెవులు దిమ్మెక్కి, ఆ ఒక్క సాయంత్రం ఒక మనిషి గొంతు వినడానికి వస్తారు. ఎక్కడ మొదలుపెట్టినా నేను చివరికి వచ్చి చేరేది ఒకే మాట దగ్గరికి: వేలు మనది, కదిలించేది ఆయన.

ఆ మాట కాగితం మీద పెడుతుంటే ఇప్పుడు కష్టంగా ఉంది.

ల్యాబ్‌కు మొదట చాలామంది పిల్లలు వచ్చారు. లైటు వెలిగించి, ఫ్యాను తిప్పి, సంతోషపడి వెళ్ళిపోయారు. పదో తరగతి ఆడపిల్ల ఒకతె మాత్రం రోజూ వచ్చేది. మనిషి సన్నగా ఉండేది, చేతులు మాత్రం మనిషికి మించి పెద్దవి. వాళ్ళమ్మ మా వీధి చివర షెడ్డులో రెండు మరమగ్గాలు చూసుకునేది. నాన్న లేడు. మొదటి వారం ఆ పిల్ల ఏమీ ముట్టుకోలేదు. నేను ఒక సెన్సార్ చూపిస్తూ, ఇది కన్నులాంటిది పాపా, దీని మీద వెలుతురు పడితే ఒకలాగా, పడకపోతే ఒకలాగా ఉంటుంది అని చెప్పాను. అప్పుడు అడిగింది.

"సార్, ఇది పోగు తెగింది సూస్తాదా?"

"ఏ పోగు?"

"మగ్గంలో. పడుగు పోగు. మా యమ్మకు కనపడ్డం లేదు సార్."

మరమగ్గం తనంతట తాను ఆగదు. నిలువు పోగుల్లో ఒకటి తెగినా అది నేస్తూనే పోతుంది. తెగిన పోగు పక్కవాటికి చుట్టుకుంటుంది, గుడ్డలో చార పడుతుంది, చూసేలోపల మూరెడు గుడ్డ పాడవుతుంది. అందుకే మగ్గం దగ్గర నిలబడే మనిషి కళ్ళు పడుగు మీదనుంచి తీయకూడదు. ఆ పిల్ల తల్లికి మసకలు కమ్ముతున్నాయి. తిరుపతి పెద్దాసుపత్రిలో చూపించారు. ఎన్నో ఏళ్ళుగా నరం దెబ్బతింటూ వచ్చింది, ఉన్న చూపు నిలిస్తే చాలన్నారు. షెడ్డు యజమాని రెండు మూడుసార్లు ఓపిక పట్టి, చివరికి తేల్చి చెప్పాడట: నీకు కనపడకపోతే నీ కూతుర్ని నిలబెట్టు, లేదంటే మగ్గాలు ఇంకొకరికి ఇస్తాను.

ఆ పిల్ల పరికరం కనిపెట్టాలనుకున్నది అందుకు. తనకు బడి ఉంటుందా, మగ్గమా అన్నది దాని మీద ఆధారపడి ఉంది.

ఆ పిల్ల చేసిన పద్ధతి నేను నేర్పింది కాదు. జడకు పెట్టుకునే నల్ల పిన్నులు తెచ్చింది. ఒక్కో పోగు మీద ఒక్కో పిన్ను, కాళ్ళు బార్లా చాపి గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టింది. పోగు బిగువుగా ఉన్నంతసేపు పిన్ను దాని మీద ఉంటుంది. పోగు తెగితే కింద పడుతుంది. కింద ఏటవాలు రేకు. పిన్ను జారి రేకు చివర ఉన్న సందులోంచి పోతుంది. ఆ సందుకు ఒక పక్క చిన్న దీపం, ఇంకో పక్క సెన్సార్ కన్ను. పిన్ను అడ్డం వస్తే వెలుతురు తెగుతుంది, మోటారు ఆగుతుంది. బయటి వెలుతురు పడకుండా, దీపం వెలుతురు మాత్రం దూరేలా కొస కోసి, కన్నుకు నల్ల పెన్ను మూత తొడిగింది.

"పడుగు మొత్తానికి వేల పిన్నులు కావాలి కదా పాపా" అన్నాను.

"అంచు కాడ జానెడు సాలు సార్. తెగేదంతా ఆడ్నే. నడిమి పోగులు యాడో ఒకసారి తెగుతాయి, అవి మాయమ్మ చెయ్యి పెట్టి తడిమి సూసుకుంటాది."

మోటారు తిరిగే చిన్న చెక్క చట్రం చేసి, దాని మీద పోగులు లాగి, కత్తెరతో ఒకటి కత్తిరించాం. పిన్ను పడింది. మోటారు ఆగింది. మళ్ళీ కత్తిరించాం. ఆగింది. ఆ పిల్ల కత్తెర కింద పెట్టి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు కత్తిరించామో లెక్కలేదు. పిన్నులన్నీ దానికే ఇచ్చేసింది కాబట్టి జడను అడ్డం నేసే పేక నూలుతో కట్టుకుని తిరిగేది.

షెడ్డు యజమానికి చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆయన శనివారం శనివారం మందిరానికి వచ్చే మనిషి, భజనలో తాళం బాగా వేస్తాడు. చెడ్డవాడని రాయలేను. అంతా విని నవ్వాడు.

"అయ్యోరా, జడపిన్నులు తగిలించి మగ్గం ఆపేదా? ఆడోళ్ళ సంతలో అమ్ముకోవచ్చు గదా."

"చిత్తూరులో జిల్లా పోటీ ఉంది. ఇంజినీర్లు చూస్తారు. వాళ్ళు బాగుందంటే?"

ఆయన నవ్వు ఆపాడు. "సెరి. ఆ పెద్దోళ్ళు సరే అంటే ఒక మగ్గానికి తగిలిస్తా. పని సేస్తే రెండోదానికి కూడా. అప్పుడు ఆమెనే ఉండమను, బిడ్డని సదువుకోమను. మాట ఇస్తా ఉండా."

ఆ మాట నేను ఆ తల్లికి చెప్పాను. ఆమె నా గొంతు వచ్చిన వైపు తిరిగి దండం పెట్టింది. కొంచెం పక్కకు.

పోటీకి బయలుదేరే రోజు ఉదయం చట్రాన్ని భజన మందిరానికి తీసుకుపోదామన్నది నేనే. మా ప్రాంతంలో కొత్త లారీ వచ్చినా, కొత్త మగ్గం బిగించినా ముందు స్వామి ముందరికి తెస్తారు. లారీకి బొట్లు ఎక్కడ పెడతారో తెలుసు కదా, లైట్లకు. వాటిని కళ్ళంటారు. మగ్గానికైతే అడ్డపోగు తెచ్చే నాడె పెట్టెకు, చక్రానికి. ఏది చూస్తుందో, ఏది కదులుతుందో దానికి బొట్టు.

చట్రం పీట మీద పెట్టారు. గోష్ఠి వాళ్ళు ఒక ఇరవై మంది వచ్చారు. యజమాని కొబ్బరికాయ కొట్టాడు, నీళ్ళు చట్రం మీద పడకుండా నేను జాగ్రత్తపడ్డాను కూడా. గంధంలో పసుపు కలిపి చిక్కగా తీసి, చక్రానికి బొట్టు పెట్టాను. దీపానికి ఒకటి, పక్కన చెక్క మీద. తర్వాత కన్నుకు. పెన్ను మూత అంచు మీద పెట్టాననే నా జ్ఞాపకం. ఉంగరపు వేలితో పెట్టాను, మా నాయన పెట్టినట్టు, కొంచెం నొక్కి తిప్పి. దాని మీద కుంకుమ. అందరూ గోవింద కొట్టారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో నేను భౌతికశాస్త్రం అయ్యోరిని కాను, మా నాయన కొడుకును.

పుత్తూరు మీదుగా చిత్తూరుకు బస్సులో వెళ్ళాం. చట్రాన్ని ఆ పిల్ల దుప్పటి చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఎండకు బస్సు రేకు కాలిపోతోంది. కార్వేటినగరం దాటాక నిద్రపోయింది, చేతులు మాత్రం చట్రం మీదనే ఉన్నాయి.

పోటీ ఒక పెద్ద బడి హాల్లో. ప్రైవేటు బడుల పిల్లలు ఇస్త్రీ కోటులు వేసుకుని ఇంగ్లీషులో చెబుతున్నారు. నడిచే రోబోలు, మొక్కలకు నీళ్ళు పోసే పంపులు. మా బల్ల మీద జడపిన్నులు. మా వంతు రాగానే ఆ పిల్ల తడబడకుండా తెలుగులోనే చెప్పింది. అమ్మ గురించి చెప్పలేదు. పోగు గురించి మాత్రం చెప్పింది. ముగ్గురు ఇంజినీర్లు ముందుకు వంగారు. పెద్దాయన, "భలే ఉందే, నడిపించు" అన్నాడు.

స్విచ్ వేసింది. మోటారు తిరగలేదు.

మళ్ళీ వేసింది. నేను బ్యాటరీ చూశాను, బాగుంది. వైర్లు ఊడదీసి బిగించాను. పిన్ను ఏదైనా సందులో ఇరుక్కుందేమోనని రేకు విప్పాను. అన్నీ చూశాను. బొట్టు ఉన్న చోట మాత్రం చూడలేదు. బొట్టు పెట్టిన చోట తప్పు ఉంటుందని నా చేతికి అనుమానమే రాలేదు. ఆ పిల్ల పెన్ను మూత వైపు చూస్తూ చున్నీ చివర చేతిలోకి తీసుకుంది, మళ్ళీ వదిలేసింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికేమో అనుకున్నాను.

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. మంచి మనిషే, నవ్విద్దామని అన్నాడు. "మీ మిషన్ ఆగడం బాగా నేర్చుకుందమ్మా. నడవడం ఇంకా నేర్చుకోలేదు." పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆయన తర్వాతి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

తిరుగు బస్సులో ఆ పిల్ల ఒక్క మాట అడిగింది. "సార్, సోమవారం నుంచే మగ్గం కాడికి పోవల్నా?"

స్వామి ఏదో దారి చూపిస్తాడు పాపా అన్నాను. జవాబు లేనప్పుడు నేను అనే మాట అది.

సోమవారం ఆ పిల్ల హాజరు పలకలేదు. మధ్యాహ్నం ల్యాబ్ తలుపు వేసుకుని చట్రం ముందు కూర్చున్నాను. ఈసారి తొందర లేదు కాబట్టి ఒక్కొక్కటీ విడదీశాను. పెన్ను మూత లాగితే రాలేదు. కొంచెం గట్టిగా లాగాను. లోపల గంధం ఎండి బిరడాలా బిగుసుకుపోయి ఉంది. పసుపు రంగు, మధ్యలో నా వేలు తిప్పిన గీత. కన్నుకు వెలుతురు అందలేదు. వెలుతురు అందకపోతే పోగు తెగిందనే అది అనుకుంటుంది. మేము చేసిందే అలా. పోగు తెగింది, తెగింది, తెగింది అని అది చిత్తూరులో ఇంజినీర్ల ముందు చెబుతూనే ఉంది, మోటారును కదలనివ్వలేదు.

దూది తడిపి తుడిచాను. స్విచ్ వేశాను. మోటారు తిరిగింది. కత్తెరతో ఒక పోగు కత్తిరించాను. పిన్ను పడింది. ఆగింది.

ప్రార్థన చేయబోయాను. ఏమని అడగాలో తెలియలేదు. స్వామి మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

ఆ సాయంత్రమే యజమాని దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. పరికరంలో లోపం లేదు, తప్పు నాది, ఇప్పుడు నీ కళ్ళ ముందే నడిపిస్తాను చూడు అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"అయ్యోరా, నువ్వు ఆ బిడ్డ మీద ప్రేమతో ఏమైనా అంటావు. స్వామి ముందర కాయ కొట్టి పంపిస్తిమి. ఆయన వద్దన్యాడు. వద్దన్న దాన్ని నా మగ్గానికి కట్టుకోమంటావా? ఒక పక్క ఆర్డరు ఉండాది. ఏమన్నా అయితే?"

"ఆయన వద్దనలేదప్పా. నా వేలు అడ్డం పడింది."

"అదే నేను అనేది" అన్నాడు.

ఇక మిగిలింది గోష్ఠి. నలుగురూ వింటే ఆయన మీద మాట పనిచేస్తుందనుకున్నాను. శనివారం పురాణం అయ్యి, హారతి పళ్ళెం తిరిగాక, ఎవరూ లేవకముందే నేను లేచి నిలబడ్డాను. వ్యాసపీఠం దగ్గర కూర్చుని మాట్లాడటమే నా అలవాటు. గంధం సంగతి చెప్పాను. ఎండిన ముక్కను కాగితంలో చుట్టి తెచ్చాను, చూపించాను. పరికరం బాగుంది, ఆ పిల్ల తెలివైనది, నా వల్ల బడి మానేసింది అన్నాను.

తంబూర పట్టే పెద్దాయన అడిగాడు. "అంటే పూజ సేసింది తప్పంటావా?"

"పూజ తప్పనలేదు పెద్దాయనా. నా వేలు తప్పు చేసింది."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ, మెల్లగా, నన్ను ఓదార్చడానికే అంది. "ఊరికే మనసు పాడు సేసుకోవద్దు నాయనా. ఎవురి వేలైనా ఆయన కదిలిస్తేనే గదా కదిలేది. నువ్వే గదా సెప్పింది."

"ఆమాం, నువ్వే సెప్పినావు" అన్నారు ఇంకో ఇద్దరు.

తలలు ఊగాయి. కొందరి కళ్ళలో నీళ్ళు కూడా. నా పశ్చాత్తాపం వాళ్ళకు నచ్చింది. నన్ను క్షమించారు, నా మాటతోనే. యజమాని దండం పెట్టి ప్రసాదం తీసుకున్నాడు. ఆ మాట తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే అది తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ నేను దాన్ని ఎన్ని శనివారాలు ఎంత తేలిగ్గా చెప్పానో ఆ పూట తెలిసింది. ఆ తేలికతనం మీద ఒక ఆడపిల్ల చదువు ఆగిపోయి ఉంది.

మర్నాడు పొద్దున చట్రం సంచిలో పెట్టుకుని షెడ్డుకు పోయాను. ఆదివారం కూడా మగ్గాలు ఆడుతున్నాయి. లోపలికి అడుగు పెట్టగానే మోత ఛాతీలో కొట్టుకుంటుంది. పక్క మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టాలి. గోడ పక్కన నేల మీద ఆ తల్లి కూర్చుని కండెలు చుడుతోంది, కళ్ళు మూసుకుని, వేళ్ళతో పోగు పట్టుకుని. కూతురు రెండు మగ్గాల మధ్య నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

దగ్గరికి పోయి చెవిలో అరిచాను. "పాపా, నీ మిషన్‌లో తప్పు లేదు. నేను పెట్టిన గంధం కన్నుకు అడ్డం పడింది. నీ తప్పేమీ లేదు."

ఆమె పడుగు మీదనే చూస్తూ అరిచింది. "తెల్సు సార్."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "ఏమన్నావు?"

"తెల్సు. ఆడ్నే సూసినా. మూతలో పసుపు."

"మరి తుడవలేదేం? చున్నీతో ఒక్కసారి తుడిచి ఉంటే..."

"పూజ బొట్టు గదా సార్. మీరు పెట్టినారు."

"అయితే ఏం?"

ఎడమ చేతి మగ్గంలో పోగు తెగింది. నాకు కనిపించలేదు. ఆమె అప్పటికే చెయ్యి పెట్టి మగ్గం ఆపి, తెగిన కొసలు రెండూ నాలుకకు తగిలించి, ముడి వేసి, మళ్ళీ వదిలింది. అంతా నేను ఊపిరి పీల్చుకునేలోపల. కుడి చేతి మగ్గం మీదకు చూపు తిప్పుకుంటూ చెప్పింది.

"తుడిస్తే అమ్మకు ఏమన్నా అవుతాదేమోనని."

సంచిలోంచి చట్రం తీశాను. శుభ్రం చేశాను, పని చేస్తోంది, చూడు అన్నాను. ఆమె చూడలేదు. చూడకూడదు కదా. చేత్తో కిటికీ పైన అర చూపించింది.

"ఆడ పెట్టండి సార్, నూనె తగలకుండా. మీతో మాట్లాడతా ఉంటే పోగులు కనపడవు."

అర మీద పెట్టాను. జడపిన్నులు సన్నగా గలగలమన్నాయేమో, ఆ మోతలో వినపడలేదు. ఆమె జడ ఇంకా పేక నూలుతోనే కట్టి ఉంది.

చెప్పాల్సింది ఇంకా ఉంది. క్షమించమని అడగలేదు. అది అంత మోతలో అరిచి అడిగేది కాదు. మగ్గం కాసేపు ఆగితే అడుగుదామని షెడ్డు బయట అరుగు మీద కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నాను. మగ్గం ఆగలేదు.